తలపాగా మీది నక్క

నాగూర్ మీరా గొంతు పోయిందని తెలిసిన రోజున అనకాపల్లి బెల్లం మార్కెట్లో పిల్లలు ఏడ్చారంటే మీరు నమ్మకపోవచ్చు. నమ్మకపోతే పోనివ్వండి. ఆ గొంతు వినని వాళ్ళకి ఎంత చెప్పినా బోధపడదు.

అతనికి ఓ బొమ్మల పెట్టె ఉండేది. నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన చెక్క పెట్టె. ముందు వైపు నాలుగు కన్నాలు, ఒక్కో కన్నానికి ఒక్కో భూతద్దం, లోపల దారాలకి వేలాడే పన్నెండు అట్టలు. పిల్లలు కన్నాలకి కళ్ళు ఆనిస్తే, మీరా పక్కన నిలబడి ఒక్కో దారం లాగుతూ, పెద్ద తలపాగా ఊపుతూ కథ చెప్పేవాడు. ఆ కథలన్నిటిలోనూ ఉండేది ఒకటే నక్క. చెరుకు తోటల్లో పడి మేసే దొంగ నక్క. అనకాపల్లి చుట్టుపక్కల ఏ చెరుకు రైతుని కదిపినా నక్కల్ని నాలుగు తిట్లు తిట్టకుండా వదలడు. వాళ్ళ పిల్లలకి మాత్రం ఈ నక్కంటే ప్రాణం. బెల్లం బళ్ళ మీద నాన్నల పక్కన కూర్చుని పట్నం వచ్చిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ బండి ఆగీ ఆగకముందే దూకి పెట్టె దగ్గరికి పరుగెత్తేవారు. కిందటి వారం ఎక్కడ ఆగిందో అక్కణ్ణించే ఈ వారం కథ. అలా పన్నెండేళ్ళు నడిచింది.

ఆ అట్టల మీద బొమ్మలు వేసింది అతని భార్య జోహరాబీ. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే ఆమే పట్టించుకోలేదు. ఆమెది రేకు పెట్టెల మీద పువ్వులూ చిలకలూ వేసే చెయ్యి. అన్న హిదాయతుల్లా కొట్లో తయారయ్యే ట్రంకు పెట్టెలకి ఇంట్లో కూర్చుని రంగులు వేసేది. ట్రంకు మీద చిలక ఎలా ఉండాలి? నిరుడు వేసిన చిలకలాగే ఉండాలి. అలా అలవాటు పడ్డ చెయ్యి కదా, పన్నెండు అట్టల మీదా ఒకే నక్కని వేసి పెట్టింది. పక్కకి తిరిగి, తోక పైకెత్తి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే నక్క. వెనకాల తోట మారేది, గుడిసె మారేది, నక్క మాత్రం మారేది కాదు. అయినా మీరా "అయ్యయ్యో, నక్క ఏడుత్తన్నాది సూడండర్రా!" అంటే చాలు, పిల్లలకి దాని కళ్ళలో నీళ్ళు కనబడేవి. "సిగ్గుతో సచ్చిపోతన్నాది" అంటే సిగ్గు కనబడేది. పన్నెండేళ్ళ పాటు ఆ నక్క నవ్వుతూనే ఏడ్చింది, నవ్వుతూనే తన్నులు తింది. ఆ మహత్యం బొమ్మది కాదు, గొంతుది.

అటువంటి గొంతులో కాయ లేచింది. పందొమ్మిది వందల నలభై నాలుగులో, కొత్త బెల్లం అప్పుడప్పుడే మార్కెట్టుకి వస్తున్న రోజుల్లో. విశాఖపట్నంలో డాక్టరు కోసి తీసి ప్రాణం నిలబెట్టాడు. అంతవరకు ఆయన చల్లగా ఉండాలి. కానీ ఇకమీదట గుసగుసలే తప్ప మాట పైకి రాదని కూడా ఆయనే చెప్పాడు. మీరా ఇంటికొచ్చి, తలపాగా విప్పి మూలకి విసిరేసి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అలా మూడు నెలలు కూర్చున్నాడు. అన్నం పెడితే రెండు ముద్దలు తినేవాడు. పలకరిస్తే తల ఊపేవాడు. వీధిలో పిల్లల కేకలు వినబడితే లేచి తలుపు మూసేవాడు.

ఓనాడు పక్కింటి వడ్రంగి ఎర్రయ్య వచ్చాడు. మంచివాడే గాని నోటికి తాళం లేదు.

"బావా, పెట్టె ఊరికే పడుండి సెద పడతాది. నాకిచ్చీరాదూ? కోళ్ళగూడు సేసుకుంటాను. కన్నాలు కూడా సిద్దంగా ఉన్నాయి" అన్నాడు.

మీరా తల ఊపాడు. సరే అని ఊపాడు! జోహరాబీ చేతిలో రంగు గిన్నె అలాగే ఉండిపోయింది. గొంతు పోయినప్పుడు కూడా ఆమెకి అంత భయం వెయ్యలేదు. మనిషి తన ప్రాణం లాంటి వస్తువుని కోళ్ళకి రాసిచ్చేశాడంటే, ఇక ఇతను గోడ వైపు నుంచి ఇటు తిరగడు. జన్మకి తిరగడు.

"ఆగు ఎర్రయ్యన్నా" అంది. "ఒక్క సోమారం. బెల్లం బజారులో ఒక్క మారు మాటల్లేకుండా బొమ్మలు ఆడిద్దాం. పిల్లలు నిలబడకపోతే నానే పెట్టె మోసుకొచ్చి నీ వాకిట్లో పెడతాను."

మీరా గొంతులోంచి గాలి లాంటి మాట వచ్చింది. "మాటల్లేకుండా ఎవుడు సూత్తాడే?"

"సూడకపోతే మీ మాటే గెలుత్తాది. ఒక్క మారు రండి, సాలు."

మీరా మళ్ళీ తల ఊపాడు. ఈసారి ఊపిన ఊపు ఎవరి కోసమో జోహరాబీకి తెలుసు. ఆమెని నొప్పించలేక.

మర్నాడే వీధిలో పిల్లల్ని పిలిచి, పాత అట్టల్ని మాటల్లేకుండా లాగి చూపించింది. అన్న హిదాయతుల్లా కూతురు, ఎనిమిదేళ్ళ గడుగ్గాయి, పన్నెండో అట్ట దాకా చూసి కన్నం దగ్గర్నుంచి మొహం తీసింది.

"అత్తా, నక్క ఎప్పుడు సూసినా అలాగే నవ్వుతాది. దానికేటీ అవనేదు."

జోహరాబీకి చెంప మీద కొట్టినట్టయింది. దానికేమీ అవ్వలేదు! తోట తగలబడినా, తన్నులు తిన్నా, పిల్లల్ని పోగొట్టుకున్నా దానికేమీ అవ్వలేదు. పన్నెండేళ్ళు అన్నం పెట్టిన నక్కని తను ఒక్కసారి కూడా సరిగా చూడలేదు. ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆ మంటలోనే పనికి కూర్చుంది.

ఏడ్చే నక్క ఎలా ఉంటుంది? కళ్ళ కింద నీటి చుక్కలు వేసి చూసింది. నవ్వే నక్క మీద వాన పడ్డట్టుంది. నోరు కిందకి వంచింది. పంటినొప్పి నక్కలా ఉంది. రెండు రోజులు గీసి, చెరిపి, విసుగొచ్చి తల ఎత్తేసరికి ఎదురుగా మొగుడు కనబడ్డాడు, గోడ వైపు తిరిగి. మొహం కనబడ్డం లేదు. అయినా ఆ మనిషి ఎంత దుఃఖంలో ఉన్నాడో వీపు చూస్తేనే తెలిసిపోతోంది. భుజాలు జారిపోయాయి. మెడ ముందుకి వాలింది. చేతులు ఎవరివో అన్నట్టు ఒళ్ళో పడున్నాయి. జోహరాబీ కళ్ళు తుడుచుకుని బొగ్గు ముక్క అందుకుంది. దుఃఖంలో కూడా బొమ్మ కుదురుతున్నందుకు సంతోషం వేసింది. సంతోషం వేసినందుకు సిగ్గు వేసింది. ఆ సిగ్గు ఎలా ఉంటుందో అద్దంలో చూసుకుని అదీ గీసింది.

అయితే ఒక్క అట్టతో పని జరగదని తెలిసింది. నిటారుగా ఉన్న మెడ కొంచెం వాలాలి, మరికొంచెం వాలాలి, ఆరో బొమ్మకి గడ్డం కాళ్ళ మీద ఆనాలి. అప్పుడే చూసే వాడి గుండె కూడా వాటితో పాటు వాలుతుంది. అందుకు అట్టలు కావు, పొడుగాటి గుడ్డ కావాలి. యుద్ధం రోజులు, గుడ్డంతా కంట్రోలు, గజం గుడ్డకి కొట్టు ముందు ఎన్ని గంటలు నిలబడాలో ఆ దేవుడికే తెలియాలి. మూలన పడున్న తలపాగా కంటబడింది. పన్నెండు మూరల తెల్లటి గుడ్డ. విప్పింది, ఉతికింది, చింతపిక్కల జిగురు పల్చగా పట్టించి ఆరేసింది. నీలిమందు, పసుపు, దీపం మసి, ఏటికొప్పాక బొమ్మలవాళ్ళ దగ్గర్నుంచి తెప్పించిన లక్క ఎరుపు ముందేసుకుని, గుడ్డ కుడి చివర్న కూర్చుంది. ఎడమ చివరికి చేరేసరికి ఇరవై రోజులు పట్టింది.

కథ ఇదీ. నక్క సందెవేళ చెరుకు తోటలో దూరి మేస్తూ ఉంటుంది. తోట పక్కనున్న గోతిలో ఆవుపెయ్య ఒకటి పడి ఉండడం చూస్తుంది. చూసి పారిపోతుంది. దూరంగా ఒంటరిగా కూలబడుతుంది. మనసొప్పక లేచి వెనక్కి వచ్చి, మనుషులొస్తే తనని చంపుతారని తెలిసీ గొంతెత్తి అరుస్తుంది. రైతులు కర్రలతో వస్తారు. పెయ్యని చూసి కర్రలు పారేసి దాన్ని పైకి లాగుతారు. చివర్న ఓ రైతు చెరుకు గడ విరిచి తన చేత్తో నక్కకి అందిస్తాడు.

ఎర్రయ్య కోళ్ళగూడు ఆశ చంపుకుని, సణుగుతూనే పెట్టెలో అటొక గుండ్రటి కర్ర, ఇటొక గుండ్రటి కర్ర బిగించి, ఒక్కోదానికి ఒక్కో పిడి పెట్టాడు. గుడ్డ ఒక కర్ర మీంచి రెండో కర్ర మీదికి చుట్టుకుంటూ పోతే, కన్నాల ముందు బొమ్మ తరవాత బొమ్మ కదిలిపోతుంది. గుడ్డని బిగించే పని మాత్రం మీరాయే చేశాడు. బొమ్మలు ఎక్కించే పనిలో ఇంకొకరు చెయ్యి పెట్టడం ఆ స్థితిలో కూడా సహించలేకపోయాడు. ఒక కొస పట్టుకుని మేకు కొట్టాడు, మిగతాది చుట్టాడు, బొమ్మల వైపు కన్నెత్తి చూడలేదు. అడిగితే ఏమంటాడోనని జోహరాబీ కూడా నోరు మెదపలేదు. ఆ ఇంట్లో ఒకరికి మాట లేదు, ఇంకొకరికి ధైర్యం లేదు. ఇక ఎవరు ఎవరికి ఏం చెప్పుకుంటారు?

ఆ తరవాతి సోమవారం పొద్దున్న బెల్లం బజారు కిటకిటలాడుతోంది. కె. కోటపాడు వైపు నుంచి బళ్ళు దిగుతున్నాయి. మీరా తలపాగా లేని బోడి తలతో పెట్టె పక్కన నిలబడ్డాడు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. జోహరాబీ ముసుగు మొహమ్మీదికి లాక్కుని ఓ బండి చాటున నిలబడింది. అక్కణ్ణించి పెట్టె వెనక భాగమే కనబడుతుంది.

"సాయిబు తాతొచ్చేడు! నక్కొచ్చింది!" అని ఒక్క కేక. పదిహేను మంది పిల్లలు మూగారు. అందరికంటే ముందు వచ్చింది తలుపులమ్మ, కోటపాడు రైతు పైడిరాజు మనవరాలు. ఏడేళ్ళుంటాయి.

"తాతా, కత సెప్పవేటి?"

మీరా గొంతు మీద మచ్చ చూపించి చెయ్యి తిప్పాడు. పిల్ల మొహం చిన్నబోయింది. అయినా కన్నానికి కన్ను ఆనించింది. మిగతా మూడు కన్నాలూ నిండాయి. మీరా కళ్ళు మూసుకుని పిడి తిప్పడం మొదలుపెట్టాడు.

ఇంతలో వెనకాల వరసలో ఉన్నవాళ్ళు ముందువాళ్ళ వీపులు పొడవడం మొదలెట్టారు. "ఏటి కనిపిత్తంది? సెప్పర్రా!"

"నక్క! నక్కున్నాది!" అన్నాడు ఓ కుర్రవాడు. "ఓ రైతున్నాడు. నక్క సేతిలో సెరుకు గడ ఉంటే లాగేసుకుంటన్నాడు!"

జోహరాబీ నొసలు ముడిపడింది. లాక్కోవడమేమిటి?

"ఓలమ్మ! జనం! పెద్ద జనం!" ఇది తలుపులమ్మ గొంతు. "అందరూ కలిసి పెయ్యని గోతిలోకి తోసేత్తన్నారే!"

జోహరాబీకి అప్పుడర్థమైంది. తను చిన్నప్పుడు మసీదు బడిలో ఉర్దూ అక్షరాలు దిద్దుకున్న మనిషి. ఆమెకి ఏ రాతైనా కుడి పక్కన మొదలవుతుంది. మీరా చదివింది వీధి బడిలో రెండేళ్ళ తెలుగు. అతనికి ఏదైనా ఎడమ పక్కనే మొదలవుతుంది. ఆమె కుడి చివర్న మొదలెట్టి గీసింది. అతను ఎడమ కొసనే మొదలనుకుని మేకు కొట్టాడు. ఒకే కప్పు కింద ఇన్నేళ్ళు కాపురం చేశారు గాని, ఎవరికి మొదలు ఎటు వైపో అడిగే అవసరం ఇద్దరికీ ఎన్నడూ రాలేదు.

"జనం ఎల్లిపోనారు. పెయ్యొక్కటే గోతిలో ఉన్నాది."

"నక్క సూత్తన్నాది. సూసి తోటలోకెల్లిపోనాది."

"సెరుకు తింతన్నాది. నవ్వుతన్నాది. ఇంకేటీ నేదు. గుడ్డ అయిపోనాది."

తలుపులమ్మ కన్నం దగ్గర్నుంచి మొహం తీసింది. చెంపల మీద నీళ్ళు.

"పెయ్య గోతిలోనే ఉండిపోనాది" అంది. "ఎవుడూ తియ్యనేదు. ఈ నక్క మన నక్క కాదు. ఇది సెడ్డ నక్క. నాకొద్దీ నక్క."

ఇద్దరు పిల్లలు వెనక్కి తిరిగి బళ్ళ వైపు నడిచారు కూడా. మీరా చెయ్యి పిడి మీంచి జారిపోయింది. వంగి పెట్టె మీద కప్పే గుడ్డ అందుకున్నాడు. ఆ వీపు జోహరాబీకి కంఠతా వచ్చిన వీపు. ఇప్పుడు పెట్టె మూసేశాడంటే ఆ వీపు మళ్ళీ గోడ దగ్గరికే పోతుంది.

ఎక్కణ్ణించి వచ్చిందో ఆ ధైర్యం, ఆమెకే తెలియదు. ముసుగు జారిపోయినా చూసుకోకుండా బజారు మధ్యకి వచ్చేసింది.

"ఆగండర్రా! ఎవులూ ఎల్లకండి! ఇంకా అవనేదు!"

బెల్లం దిమ్మలు దించుతున్న మగవాళ్ళంతా తిరిగి చూశారు. చూస్తే చూశారు. ఆమె పెట్టెకి రెండో పక్కకి వెళ్ళి, అటు వైపు పిడి పట్టుకుంది. మీరా తెల్లబోయి చూస్తున్నాడు.

"తప్పు ఇద్దరిదీనండి. తరవాత సెప్తాను. మీ పక్క పిడి వదులుగా పట్టుకోండి" అని అతనితో చెప్పి, పిల్లల వైపు తిరిగింది. "పెయ్యని అలా ఒగ్గేత్తామేటి? రా తల్లీ, కన్ను పెట్టు."

తలుపులమ్మ ముక్కు ఎగబీల్చి, నమ్మకం లేకుండానే కన్ను పెట్టింది. జోహరాబీ పిడి తిప్పింది. మెల్లగా, ఒక్కో బొమ్మ దగ్గర ఊపిరి పీల్చుకునేంతసేపు ఆగుతూ.

"తింతన్నాది. ఇంకా తింతన్నాది" అంది పిల్ల, కోపంగా. తరవాత, "తినడం మానీసింది. గోతిలోకి సూత్తన్నాది... పారిపోతన్నాది దొంగముండ!"

"తరవాత, తరవాత?" అన్నారు వెనకాల వాళ్ళు.

"కూకున్నాది. తోక కాళ్ళ మద్దిన ఎట్టీసుకున్నాది. సెవులు వాలిపోతన్నాయి. మెడ... మెడ కూడా వాలిపోతన్నాది." గొంతు తగ్గిపోయింది. "పాపం, అటు తిరిగి కూకున్నాది. ఏడుత్తన్నాదే అది."

కంట్లో చుక్క నీరు వెయ్యలేదు జోహరాబీ. నోరు కూడా కనబడని బొమ్మ అది. ఒక్క వీపు. పిల్ల చటుక్కున మొహం తీసి, మీరాని కింది నుంచి మీది దాకా చూసింది.

"తాతా, నక్క అచ్చం నీలాగే కూకున్నాది."

పిల్లలు గొల్లుమన్నారు. బండి మీద నుంచి పైడిరాజు, "ఓసి నీ అమ్మకడుపు కాలా, పెద్దోల్లని అలా అంతారేటే!" అని కేకేశాడు. మీరా మాత్రం ఆమెని చూస్తున్నాడు. తన భార్యని. దాదాపు నాలుగు నెలల తరవాత అతని కళ్ళు ఆమె మొహం మీద నిలిచాయి. ఆమె తల వంచుకుని పిడి తిప్పుతూనే ఉంది.

"లేచింది! లేచిందర్రా!" ఇంకో కన్నం దగ్గర కుర్రవాడు ఎగిరాడు. "గోతి కాడికొచ్చింది. మూతి పైకెత్తి అరుత్తన్నాది. కర్రలట్టుకుని జనం వత్తన్నారు. ఒరే పారిపోరా, కొట్టేత్తారు నిన్ను!"

"పారిపోదు" అంది తలుపులమ్మ. "సూడు, కదల్నేదు. అక్కడే ఉన్నాది. ఓలమ్మ, కర్రలు పడేసేరు. పెయ్యని లాగుతన్నారు. ముందరి కాళ్ళు వచ్చేయి... వచ్చేసింది! పెయ్య వచ్చేసింది!"

పదిహేను మంది పిల్లలు ఒక్కసారి కేకలు పెడితే బెల్లం బజారు దద్దరిల్లింది. ఓ ఎద్దు బెదిరి తాడు తెంపుకోబోయింది. ఆ కేకల్లో రైతు నక్కకి చెరుకు గడ అందించిన సంగతి ఎవరు చెప్పారో, ఎవరు విన్నారో తెలియదు. జోహరాబీకి మాత్రం ఒంట్లోని బిగువంతా ఒక్కసారిగా వదిలింది. పెట్టె కాలు పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయి, పమిట కొంగులో మొహం పెట్టుకుని హాయిగా, సిగ్గు లేకుండా ఏడ్చింది. తల ఎత్తేసరికి మీరా ఒళ్ళంతా ఊగిపోతున్నాడు. గొంతు లేదు గనక, ఏడుస్తున్నాడేమోనని మొదట ఆమెకి భయం వేసింది. నవ్వుతున్నాడు. పెయ్యని తోసేసిన రైతుల్ని తలుచుకుని, పొట్ట పట్టుకుని, చప్పుడు లేకుండా, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతున్నాడు.

వాళ్ళిద్దర్నీ తీరిగ్గా ఏడవనిచ్చే, నవ్వనిచ్చే ఓపిక పిల్లలకెక్కడిది? తరవాతి నలుగురూ అప్పుడే కన్నాలకి అతుక్కున్నారు. జోహరాబీ లేచి, ఈసారి సరైన కొస నుంచి మొదలెట్టబోతే ఒప్పుకోలేదు.

"అలా కాదు బూబమ్మా! ముందు గోతిలోకి తొయ్యాల. తరవాత తియ్యాల!"

చేసేదేముంది? ఆ రోజంతా అలాగే తోశారు, అలాగే తీశారు. ఎడమ నుంచి కుడికి తప్పిపోయిన నక్క, కుడి నుంచి ఎడమకి దారిలో పడేది. వెళ్ళేటప్పుడు పిడి మీరాది, వచ్చేటప్పుడు జోహరాబీది. చూసే పిల్లలు చూడని పిల్లలకి కథ చెప్పుకుంటూనే ఉన్నారు, ఒక్కొక్కరు ఒక్కో తీరున. మొదటిసారి ఏడ్చిన తలుపులమ్మ నాలుగోసారికి, నక్క పారిపోయే చోట, "కంగారు పడకండర్రా, మల్లీ వత్తాది" అని చిన్నవాళ్ళకి ధైర్యం చెప్పే దశకి వచ్చింది.

బళ్ళు తిరుగుముఖం పట్టే వేళకి తలుపులమ్మ మీరా చొక్కా పట్టుకు లాగింది.

"తాతా, ఇప్పుడు నక్క మంచిదైపోనాది కదా. మరింక ఏటి సేత్తాది?"

ఇటువంటి ప్రశ్నలకి పన్నెండేళ్ళుగా మీరా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. కళ్ళు పెద్దవి చేసి, మీసం దువ్వి, పిల్లల్ని ఊరించి ఊరించి చంపేవాడు. ఇప్పుడు వంగి, ఆ పిల్ల చెవి దగ్గర నోరు పెట్టాడు.

"నానేటి సెప్తానమ్మా" అన్నాడు, ఊపిరితో. "నక్క ఆవిడది. ఎప్పుడూ ఆవిడదే. ఆవిడ్నడుగు."

ఎంత మెల్లగా అన్నా జోహరాబీకి వినబడింది. నాలుగు నెలలుగా ఆ గొంతు కోసమే చెవులు రిక్కించుకున్న మనిషికి వినబడకుండా ఎలా ఉంటుంది? పిల్లలందరూ ఆమె వైపు తిరిగారు. అంతమంది కళ్ళు ఒక్కసారి ఆమె మీద పడ్డాయి. ముసుగు సర్దుకోబోయి, మళ్ళీ మానేసి, గోనె పట్టా పరిచి కూర్చుంది.

"నాకూ తెలీదర్రా" అంది నిజాయితీగా. "ఇలా కూకోండి. మంచి నక్క ఏటి సేత్తాదో మీరే సెప్పండి. ఒకలి తరవాత ఒకలు."

పిల్లలు ఒకర్నొకరు తోసుకుంటూ చుట్టూ కూర్చున్నారు. పిల్లల మధ్యలో ఖాళీ చూసుకుని నాగూర్ మీరా కూడా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అందరికంటే ముందు చెయ్యెత్తింది అతనే.